మొహీన్ గుర్రాలు, మా ఖరగ్‌పూర్

ఖరగ్‌పూర్‌లో పుట్టి పెరిగిన తెలుగువాళ్లం పాట ఏ భాషలో ఉందని పెద్దగా పట్టించుకోం. మథురాకాటీ రైల్వే క్వార్టర్లలో పొద్దున్నే ఒక ఇంట్లో ఘంటసాల, పక్కింట్లో రవీంద్ర సంగీతం, వెనక లైన్లో భోజ్‌పురీ భజన. ఇవన్నీ కలిసి వినపడుతుండగానే మేం పళ్లు తోముకునేవాళ్లం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వర్క్‌షాపు పనికి వచ్చినవాళ్ల పిల్లలం, మనవలం మేం. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, గోల్ బజార్‌లో బేరమాడితే బెంగాలీ. అక్కడ ఉండగానే, పదిహేనేళ్లు కూడా నిండకముందే, నేను ఒక బెంగాలీ బ్యాండ్‌ని పిచ్చిగా ప్రేమించాను. దాని పేరు మొహీనేర్ ఘోడాగులి. మొహీన్ గుర్రాలు అని అర్థం. తెలుగు స్నేహితుల్లో ఈ పేరు విన్నవాళ్లు నాకు ఇప్పటిదాకా తగల్లేదు. అందుకే రాస్తున్నాను.

1995 చలికాలం. మా పక్క క్వార్టర్ బెంగాలీవాళ్ల అబ్బాయి కలకత్తాలో చదువుకుంటుండేవాడు. నాకంటే బాగా పెద్ద, దాదా అని పిలిచేవాణ్ని. అప్పట్లో మైదాన్‌లో జరిగే పుస్తకాల సంతకి వెళ్లి, హౌరా నుంచి లోకల్ పట్టుకుని వచ్చాడు. సంచీలో పుస్తకాలతో పాటు ఒక క్యాసెట్ కూడా ఉంది. పేరు ‘ఆబార్ బఛర్ కుడి పరే’, అంటే మళ్లీ ఇరవై ఏళ్ల తర్వాత అని. వాళ్ల ముందు గదిలో టేప్ రికార్డర్‌లో పెట్టి, "ఎటా శోన్" అన్నాడు. ఇది విను అని.

మొదట విన్నది ‘పృథిబీ’ పాట. గిటార్ మీద నెమ్మదిగా నడిచే బాణీ. పాడే గొంతులో గొప్ప చూపించుకోవడం లేదు, మన ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టుంది. భూమి చిన్నదైపోతూ, ఉపగ్రహాలకీ కేబుళ్లకీ చిక్కి ముందు గదిలోని డబ్బాలో బందీ అయిందని చెబుతాడు. చుక్కలు ఎన్ని కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాయో, నువ్వూ నేనూ అంతకంటే దూరంగా జరుగుతున్నాం, ఆలోచించావా అని అడుగుతాడు. మా లైన్లో అప్పుడప్పుడే కేబుల్ వైర్లు లాగుతున్నారు. ఒక మామిడిచెట్టు నుంచి ఇంకో మామిడిచెట్టుకి నల్లటి తీగలు. సాయంత్రాలు బయట మంచాలు వేసుకుని కూర్చునే పెద్దవాళ్లు ఒక్కొక్కరుగా లోపలికి వెళ్లిపోతున్న కాలం అది. పాటలో వాళ్లు చెబుతున్నది మా లైను గురించేనని నాకు అనిపించింది. ఆ వయసులో అంతకంటే ఏం కావాలి?

దాదాని బతిమాలి ఆ క్యాసెట్ కాపీ చేయించుకున్నాను. ఇంట్లో అదే మోగుతుండేది. వంటింట్లోంచి అమ్మ అనేది: "ఏట్రా ఆ పాట, ఎవుడో ఊరొదిలి ఎల్లిపోతన్నట్టుంది." అమ్మకి బెంగాలీ బజారు మట్టుకే వచ్చు. కానీ ఆ పాట గురించి అంతకంటే సరిగ్గా చెప్పినవాళ్లని నేను చూడలేదు.

దాదా దగ్గర ఉన్న అసలు క్యాసెట్‌లో మడతలు పెట్టిన కాగితం ఒకటి ఉండేది. స్టేషన్ బోర్డుల మీద, దుకాణాల మీద చూసి చూసి నాకు బెంగాలీ అక్షరాలు కొంచెం వచ్చు. ఆ కాగితం పట్టుకుని, టేపు ఆపుతూ, వెనక్కి తిప్పుతూ, నేను బెంగాలీ చదవడం నేర్చుకున్నది అక్కడే. అందులో ఒక మాట నన్ను చాలా ఆకట్టుకుంది. ఇవి ‘మొహీనేర్ ఘోడాగులి సంపాదకత్వం వహించిన బెంగాలీ పాటలు’ అని రాసి ఉంది. పాటలకి సంపాదకుడేమిటి? పత్రికకి కదా ఉండేది! దాదా చెప్పాడు, ఈ పాటలన్నీ ఆ బ్యాండే పాడలేదని. 70లలో వాళ్లు ఒక బ్యాండ్, తర్వాత విడిపోయారు. ఇప్పుడు వాళ్ల నాయకుడు గౌతమ్ ఛటోపాధ్యాయ్ కొత్త కుర్రాళ్లని పోగేసి, వాళ్ల పాటలూ తన పాటలూ కలిపి, చిన్న సాహిత్య పత్రిక తెచ్చినట్టు క్యాసెట్ తెచ్చాడు. బెంగాల్‌లో చిన్న పత్రికలకి ఉన్న గౌరవం తెలిసినవాళ్లకి ఆ పనిలోని అందం తెలుస్తుంది. అరవై, డెబ్బై దశకాల కవిత్వం చాలావరకు ఆ పత్రికల్లోనే బతికింది. గౌతమ్ పాటకి కూడా అలాంటి చోటు చూపించాడు. ఆ వరుసలోనే 1996లో ‘ఝరా సమయేర్ గాన్’, 1997లో ‘మాయా’, ఆ తర్వాత ‘ఖ్యాపార్ గాన్’ వచ్చాయి. దాదా వచ్చినప్పుడల్లా నేను ముందు అతని సంచీ వంకే చూసేవాణ్ని.

ఇక ఆ పేరు. జీవనానంద దాస్ ‘ఘోడా’ కవితలో కార్తీక మాసపు వెన్నెల మైదానంలో మొహీన్ గుర్రాలు గడ్డి మేస్తుంటాయి. కలకత్తాలో ట్రామ్ ఢీకొని 1954లో చనిపోయిన ఆ కవిని తర్వాతి తరాలు నెత్తిన పెట్టుకున్నాయి. ఆ గుర్రాలనే బ్యాండ్ పేరుగా తీసుకున్నారు. 1995 క్యాసెట్ పేరు కూడా ఆయన కవితలోదే. బ్యాండ్ అంటే ఇంగ్లీషు పేరే ఉండాలనుకునే రోజుల్లో, 1975 ప్రాంతంలో, ఏడుగురు కుర్రాళ్లు ఇలాంటి పేరు పెట్టుకున్నారు. మొదట సప్తర్షి అనుకున్నారట, ఏడుగురు కదా. తర్వాత తీరందాజ్ అన్నారు, ‘గౌతమ్ ఛటోపాధ్యాయ్ బీఎస్సీ అండ్ సంప్రదాయ్’ అని కూడా కొన్నాళ్లు అన్నారు. చివరికి రంజన్ ఘోషాల్ సూచించిన గుర్రాలే నిలిచాయి.

ఆ ఏడుగురి పేర్లు నేను క్రికెట్ జట్టు పేర్లలా నోటికి చెప్పేవాణ్ని. గౌతమ్, అతని తమ్ముళ్లు ప్రదీప్, విశ్వనాథ్. ఇంట్లో పిలుపులు బులా, బిశు. రంజన్ ఘోషాల్. వయొలిన్, పియానో వాయించే అబ్రహాం మజుందార్. పాటలు రాసి గిటార్ వాయించే తాపస్ దాస్, అందరికీ బాపీ. తపేశ్ బందోపాధ్యాయ్, అందరికీ భాను. గిటార్లు, శాక్సఫోన్, వేణువు, వయొలిన్, వీటితో బావుల్ బాణీలని, అంటే బెంగాల్ ఊళ్లు తిరిగి పాడే సాధువుల పాటల బాణీలని కలిపి, దానికి బావుల్ జాజ్ అని పేరు పెట్టారు. 1977, 78, 79ల్లో ఏడాదికొకటి చొప్పున మూడు చిన్న రికార్డులు తెచ్చారు. జనం పట్టించుకోలేదు. 1981కల్లా ఎవరి దారి వాళ్లది అయింది. ఆ మూడు రికార్డులు మాత్రం నేను వినలేదు. దాదా వినలేదు. ఎవరో ప్రొఫెసర్ దగ్గర ఉన్నాయని, కాలేజీ స్ట్రీట్‌లో పాత సరుకు అమ్మేవాళ్ల దగ్గర ఒకసారి కనిపించాయని చెప్పుకోవడం వరకే.

ఒక సాయంత్రం దాదా ఇంకో సంగతి కూడా చెప్పాడు. గౌతమ్ ప్రెసిడెన్సీ కాలేజీలో చదువుతూ నక్సల్బరీ ఉద్యమంలోకి వెళ్లాడు, జైల్లో ఉన్నాడు, విడుదలయ్యాక కొంతకాలం బెంగాల్ బయట బతికాడు, అప్పుడే ఈ పాటలు మనసులో పెరిగాయి అని. ఆ ఉత్సాహంలో ఇంటికి వచ్చి అన్నం తింటూ నాన్నకి చెప్పాను. నాన్న చెయ్యి ఆగిపోయింది. మా ఊరు పలాస దగ్గర. 1969, 70ల్లో, శ్రీకాకుళం పోరాటం రోజుల్లో, అటువైపు ఏం జరిగిందో నాన్న కళ్లారా చూశాడు. అంతకుముందు మా ఇంట్లో ఎప్పుడూ మాట్లాడని విషయం అది. ఆ రాత్రి మొదటిసారి సుబ్బారావు పాణిగ్రాహి పేరు చెప్పాడు. బొడ్డపాడు గుళ్లో పూజారి, జముకు పట్టుకుని కథ చెబితే ఊళ్లు కదిలొచ్చేవి. నాన్న కుర్రాడిగా ఉన్నప్పుడు ఆ కథ విన్నాడు. 1969 డిసెంబరులో పాణిగ్రాహిని కాల్చి చంపారు. "పాట పాడినోడు బతికున్నాడంటే అదే గొప్ప" అన్నాడు నాన్న, కలకత్తా గౌతమ్ గురించి. తర్వాత నా క్యాసెట్ జోలికి ఎప్పుడూ రాలేదు. ఒక్కోసారి, నేను లేననుకుని, తలుపు దగ్గర నిలబడి వినడం చూశాను.

మన శ్రీకాకుళం పాటకీ కలకత్తా గిటార్‌కీ మధ్య ఉన్న ఆ దారం నాకు అప్పుడే చేతికి చిక్కింది. ఇద్దరూ ఊరి జానపదాన్నే పట్టుకున్నారు. ఇక్కడ జముకు, అక్కడ బావుల్ చేతిలోని ఒంటితీగ వాద్యం ఏక్‌తారా. ఒకరికి పాట ఉద్యమానికి ముందు నడిచే మనిషి. ఇంకొకరికి, ఉద్యమం చెదిరిపోయాక మిగిలిన మనుషులతో మాట్లాడటానికి దొరికిన ఒకే దారి. మొహీన్ పాటల్లో నినాదం ఎక్కడా కనపడదు. దానికి కారణం ఇదేనని నేను నమ్ముతాను.

చదువు కోసం ఖరగ్‌పూర్ వదిలి విశాఖ వచ్చేశాను. 1999 జూన్ 20న గౌతమ్ గుండెపోటుతో పోయాడు. నాకు ఆ సంగతి తెలిసింది పూజ సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు, దాదా నోట. యాభై ఏళ్ల మనిషి. అప్పటికి బెంగాల్ నిండా బ్యాండ్లే. క్యాక్టస్, చంద్రబిందు, ఫాసిల్స్, పరశ్ పాథర్. కాలేజీ ఫెస్టులన్నిటా వాళ్లే. ఆ తలుపు తీసినవాడు ఆ సందడి బాగా చూడకుండానే వెళ్లిపోయాడు. ఆ తర్వాత నాకు ఉద్యోగాలు, ఊళ్లు మారడం, పెళ్లి. క్యాసెట్లు అట్టపెట్టెలో ఖరగ్‌పూర్‌లో ఉండిపోయి, నాన్న రిటైరై క్వార్టర్ ఖాళీ చేసినప్పుడు ఎటో పోయాయి.

2006లో అమీర్‌పేట్‌లో ఒక ఆటోలో వెళ్తుంటే రేడియోలో హిందీ పాట వచ్చింది. బంగ్లాదేశ్ గాయకుడు జేమ్స్ గొంతు, ‘గ్యాంగ్‌స్టర్’ సినిమాలోని ‘భీగీ భీగీ’. నాలుగు సెకన్లలో నా ఒళ్లు జలదరించింది. అది ‘పృథిబీ’ బాణీ! చుట్టూ ట్రాఫిక్‌లో అందరికీ అది కొత్త హిట్ పాట, నాకు మథురాకాటీ. ఆఫీసులో ఆ పాట గురించి చెబితే, "అవునా, బెంగాలీదా" అని వదిలేశారు. వాళ్లని తప్పుపట్టను. ఆ పాటలో చుక్కలు లేవు, కేబుల్ తీగలు లేవు, వాన ఉంది, ప్రేమ ఉంది. బాణీ మాత్రం ఎంత గట్టిదో చూడండి. మాటలు మార్చినా, భాష మార్చినా, దేశమంతా ఊగిపోయింది.

అసలు వినడం మాత్రం 2023 జూన్‌లో జరిగింది. తాపస్ దాస్, మా బాపీ, క్యాన్సర్‌తో పోయాడని వార్త చదివాను. అంతకు మూడేళ్ల ముందు రంజన్ ఘోషాల్ బెంగళూరులో పోయాడని కూడా అప్పుడే తెలిసింది. ఆ రాత్రి నిద్ర పట్టక ఫోన్‌లో బ్యాండ్ పేరు బెంగాలీలో టైప్ చేశాను. ఆ మూడు రికార్డులు వరసగా వచ్చాయి. ‘సంబిగ్న పాఖికుల్ ఓ కల్‌కాతా బిషయక్’, 1977. ‘అజానా ఉడంత బస్తు బా అ-ఉ-బ’, 1978. ‘దృశ్యమాన్ మొహీనేర్ ఘోడాగులి’, 1979. నా చిన్నప్పుడు ఎవరో ప్రొఫెసర్ బీరువాలో ఉన్నాయని విన్న రికార్డులు, అన్నీ, గీతల చప్పుడుతో సహా.

అప్పుడు అర్థమైంది, పదిహేనేళ్ల వయసులో నేను ప్రేమించింది ఆ బ్యాండ్ తిరిగి వచ్చాక పాడిన పాటలని మాత్రమే. ఆ బ్యాండ్‌ని వినడం ఇదే మొదలు.

రెండింటికీ చాలా తేడా ఉంది. 95 క్యాసెట్‌లో పెద్దరికం ఉంది, నింపాదితనం ఉంది. 77 రికార్డులో కంగారు ఉంది. కుర్రాళ్లు. వయొలిన్ ఒక్కోసారి గొంతుని తోసుకుని ముందుకొస్తుంది, అందరూ కలిసి పాడేటప్పుడు ఒకరిద్దరి శ్రుతి పక్కకి పోతుంది, స్టూడియోలో టైమ్ అయిపోతోందన్న తొందర వినపడుతుంది. అయినా దాన్ని మించిన అందం నాకు కొత్త క్యాసెట్లలో దొరకలేదు. అప్పటిదాకా బెంగాలీలో ఎవరూ అలా పాడలేదని తెలిసి, ఎవరూ వినకపోవచ్చనీ తెలిసి పాడుతున్నవాళ్లు వాళ్లు.

‘భేసే ఆషే కల్‌కాతా’ పాట దగ్గర ఆగిపోయాను. పొగమంచు కుంచెతో గీసిన కలకత్తా తేలుతూ వస్తుంది. ఊరి శివారు తెల్లవారుజాము గుర్తొస్తుంది. జ్ఞాపకంలో ట్రామ్ చప్పుడు విరాగి పాట కడుతుంది. ఈ పరాయి ఊళ్లో క్యాలెండర్ కాగితాలు మాత్రమే రాలుతున్నాయి అంటాడు. ఊరికి దూరంగా ఉన్నవాడి పాట. శ్రీకాకుళం నుంచి ఖరగ్‌పూర్ వచ్చి, సంక్రాంతికి ఊరెళ్లే పాస్ కోసం ఏడాదంతా ఎదురుచూసిన మా తాత, ఖరగ్‌పూర్ నుంచి హైదరాబాద్ వచ్చి, ఇక్కడ నీ సొంతూరు ఏదంటే ఒక్క ముక్కలో చెప్పలేని నేను, ఇద్దరం ఆ పాటలో ఉన్నాం. కలకత్తా పేరు తీసి ఖరగ్‌పూర్ పెడితే ట్రామ్ ఒక్కటే మారుతుంది. దాని బదులు వర్క్‌షాపు సైరన్.

తర్వాతది ‘హాయ్ భాలోబాషి’. ఇందులో ఒకడు తనకి ఇష్టమైనవన్నీ చెప్పుకుంటూ పోతాడు. వెన్నెల్లో రెల్లుపూల మధ్య పరుగెత్తడం, దోనె ఎక్కి తేలడం, కిటికీ పక్కన కూర్చుని కవిత్వం చదవడం, పికాసో, బునుయెల్, డాంటే, బీటిల్స్, డిలన్, బీథోవెన్. రవిశంకర్, అలీ అక్బర్‌లని విని మంచులో తెల్లవారుజామున ఇంటికి నడిచి రావడం. ప్రతిసారీ, అయినా ఏదీ ఎందుకో బాగోలేదు అని ఆగిపోతాడు. ఎందుకో చివర్లో చెబుతాడు. పల్లెల్లో, రేవుల్లో పనిచేస్తూ, పొలాల్లో చెమట కారుస్తూ పంట మాత్రమే పండిస్తున్నవాళ్లని చూసినప్పుడు తనకి ఏదీ నచ్చదట. మంచిరోజా, దగ్గరికి రా, అన్నిటినీ ఒక్కసారిగా ప్రేమిస్తాను అని ముగిస్తాడు. జైలు చూసి వచ్చిన మనిషి బ్యాండ్ పాడిన రాజకీయ గీతం ఇది. ఇంత మెత్తగా ఉంటుంది. వింటుంటే నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

తర్వాత విశాఖ వెళ్లినప్పుడు నాన్నకి ఈ పాట వినిపించాను. నాన్న ఇప్పుడు గాజువాకలో ఉంటున్నాడు, చెవులు కొంచెం మందగించాయి గానీ పాట దగ్గర మందం లేదు. ఆయన బెంగాలీ నాకంటే మంచిది, వర్క్‌షాపు ఫ్లోర్ మీద నేర్చుకున్నది. రేవుల్లో పనిచేసేవాళ్ల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఎత్తి ఆపమన్నాడు. "ఏ సమత్సరం పాటిది?" అన్నాడు. 77 నాన్నా అన్నాను. అప్పుడు 74 మే నెల రైల్వే సమ్మె గురించి మొదలుపెట్టాడు. దేశమంతా ఇరవై రోజులు రైళ్లు ఆపిన సమ్మె. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో తను కొత్త కుర్రాడు, గోల్ బజార్ కిరాణా కొట్టు ముసలాయన అడక్కుండానే బియ్యం అప్పు రాసుకున్న సంగతి, లైన్లో ఆడవాళ్లంతా కలిసి ఒకే పొయ్యి మీద వండిన సంగతి, ఏడాది దాటగానే ఎమర్జెన్సీ వచ్చి అందరూ నోళ్లు మూసుకున్న సంగతి. "ఆ టైములో ఈళ్లు కలకత్తాలో ఇది కట్టుకుంటన్నారా!" అని మళ్లీ పెట్టమన్నాడు.

నూట పదిహేను కిలోమీటర్ల దూరంలో, ఒకే రైలు లైను మీద, ఒకే ఏళ్లలో వాళ్లూ మా నాన్నా బతికారు. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా. అది తల్చుకుంటే నాకు ఇప్పటికీ గుండె పట్టేస్తుంది. ఆ రికార్డు ఒక్కటి మథురాకాటీకి చేరి ఉంటే అప్పుడే వినేవాళ్లు మా లైన్లో ఉన్నారు.

వినాలనుకునేవాళ్లకి ఒక మాట. అందరూ ‘పృథిబీ’తో మొదలుపెట్టమంటారు, హిందీ బాణీ తెలుసు కాబట్టి. నేను వద్దంటాను. ముందు ‘భేసే ఆషే కల్‌కాతా’ వినండి, ఊరు వదిలి వచ్చినవాళ్లైతే మరీ. తర్వాత ‘హాయ్ భాలోబాషి’, రెండుసార్లు. ఒకసారి బాణీ కోసం, ఒకసారి ఎవరైనా బెంగాలీ తెలిసినవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని. ఆ తర్వాత ‘పృథిబీ’ దగ్గరికి రండి. ఇరవై ఏళ్లు ఆగి వచ్చిన మనిషి గొంతు ఎంత మారిందో, ఎంత మారలేదో అప్పుడు వినపడుతుంది. ఖరగ్‌పూర్ తెలుగువాళ్లు ఎవరైనా ఇది చదివితే, మీ ఇంట్లో అటక మీద ఆ 95 క్యాసెట్ అసలుది, లోపలి కాగితంతో సహా, ఉంటే నాకు చెప్పండి. ఆ కాగితం ఇంకోసారి చదవాలని ఉంది.